కంట్రోలర్, పైలట్ మధ్య టెక్స్ట్ మెసేజ్‌లు: 30 ఏళ్ళయినా ఇంకా రోల్‌అవుటేనా?

రన్‌వే_పిచ్చోడు:
నాకు ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఆడియో వినే అలవాటుంది. బిజీ టైంలో వింటే మనకే ఊపిరాడదు, ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తుంటరు, కంట్రోలర్ ఒక ఫ్రీక్వెన్సీ చెప్తే పైలట్ ఇంకోటేదో తిరిగి చదువుతడు, మళ్ళీ మొదటికి. సీపీడీఎల్‌సీ అని ఒకటుందట, కంట్రోలర్ పంపింది కాక్‌పిట్ స్క్రీన్ మీద టెక్స్ట్‌లా వస్తది, పైలట్ బటన్ నొక్కితే అయిపోయినట్టే. 1995లోనే దక్షిణ పసిఫిక్ మీద బోయింగ్ 747-400లు వాడినయంట. మరి ఇన్నేళ్ళకి కూడా ఇంకా ఫేజులు, గడువులు ఏంది? 1977ల రన్‌వే మీద రెండు విమానాలు గుద్దుకున్న టెనెరిఫ్‌ల ఇది ఉంటే 583 మంది బతికేవాళ్ళు కదా?

లింక్_లేయర్:
సముద్రం మీద ముందు రావడానికి కారణం ఉంది బ్రో. అక్కడ వీహెచ్‌ఎఫ్ (మామూలుగా వాడే దగ్గరి రేడియో) అందదు, హెచ్‌ఎఫ్ (దూరం పోయే రేడియో) గరగరలో రేడియో ఆపరేటర్‌కి చెప్తే ఆయన టైప్ చేసి కంట్రోలర్‌కి పంపాలి, దాని ముందు శాటిలైట్ మెసేజ్ కాస్త ఆలస్యమైనా మహాభాగ్యం. భూమి మీద అలా కుదరదు, ఎదురుగా రాడార్ ఉంది, నోటితో చెప్తే క్షణంలో పని అవుతుంది, టెక్స్ట్ దానికి దీటుగా ఉండాలి.

యూరప్‌లో ఏమైందో చూడండి. 2009లోనే రూల్ పెట్టారు, 28,500 అడుగుల పైన ఎగిరే విమానాలకి సీపీడీఎల్‌సీ ఉండాల్సిందే అని. విమానాలకి గడువు 2015 ఫిబ్రవరి. తీరా వాడటం మొదలెట్టాక కనెక్షన్లు మధ్యలో తెగిపోవడం మొదలైంది, దాన్ని ప్రొవైడర్ అబార్ట్ అంటారు. తవ్వితే ఏం తేలిందంటే దాదాపు ట్రాఫిక్ అంతా 136.975 మెగాహెర్ట్జ్ ఒక్కదాని మీదే కూర్చుంది, పైగా ఎయిర్‌లైన్లు తమ సొంత ఆఫీసు మెసేజ్‌లు కూడా అదే లింక్ మీద తోస్తున్నాయి. ఇంకొన్ని ఫ్రీక్వెన్సీలు కలిపితే తప్ప లాభం లేదన్నారు, గడువు 2020 ఫిబ్రవరికి పోయింది. ఆఫీసులో మంచి ఫైబర్ మీద టెస్ట్ చేసి సూపర్ అనుకునే మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఇది కొత్తేం కాదు లెండి.

స్ట్రిప్_బోర్డ్:
టెనెరిఫ్ మాట దగ్గర ఒక్క నిమిషం. అక్కడ కంట్రోలర్ ఆగమన్న మాటా, పాన్ యామ్ విమానం వాళ్ళు ఇంకా రన్‌వే మీదే ఉన్నామన్న మాటా ఒకేసారి పడి రెండో విమానం కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో కీచుమని శబ్దం వచ్చింది, నిజమే. కానీ టేకాఫ్ క్లియరెన్స్ ఈరోజుకీ టెక్స్ట్‌లో ఇవ్వరు. ల్యాండింగ్ అంతే, అర్జెంటుగా తిప్పాల్సిన హెడింగ్ (దిశ) అంతే, అవన్నీ వాయిసే. మెసేజ్ వెళ్ళి, ఇద్దరు పైలట్లు చదివి, నొక్కేసరికి పట్టే టైం అక్కడ ఉండదు.

అందుకే అమెరికా వాళ్ళు తెలివిగా తేలికైన చోట మొదలెట్టారు. గేటు దగ్గర ఆగున్న విమానానికి బయల్దేరే క్లియరెన్స్. 2016 చివరికే 50కి పైగా ఎయిర్‌పోర్టుల్లో పెట్టేశారు. ఉరుములు మెరుపులు ఉన్న రోజు దీని విలువ తెలుస్తుంది, దారి మారిందంటే వరసలో ఉన్న ప్రతి విమానానికీ కొత్త రూట్ పాయింటు పాయింటుగా చదవాలి, వాళ్ళు పెన్నుతో రాసుకోవాలి, తిరిగి చదవాలి, ఒక అక్షరం తప్పితే మళ్ళీ మొత్తం. టెక్స్ట్‌లో అయితే మేం కంట్రోలర్లం పంపేస్తాం, పైలట్లు చూసుకుని ఎఫ్‌ఎంఎస్ (విమానంలో రూట్ నడిపే కంప్యూటర్)లోకి లోడ్ కొడతారు. గాల్లో ఉన్న విమానాలకి 2019లో గానీ మొదలవలేదు, తర్వాత కోవిడ్.

ఇంకో తలనొప్పి, అన్ని విమానాల్లో ఆ టెక్స్ట్ బాక్స్ ఉండదు. ఒకే సెక్టార్ (ఒక కంట్రోలర్ చూసే ఆకాశం ముక్క)‌లో కొందరితో మాట్లాడాలి, కొందరికి టైప్ చేయాలి, ఎవరికి ఏదో రాడార్ స్క్రీన్ మీద గుర్తు చూసుకోవాలి. లింక్ ఉన్నవాళ్ళు తక్కువైతే కంట్రోలర్‌కి పని తగ్గదు సరికదా పెరుగుతుంది.

కుడి_సీటు:
మా పైలట్ల వైపు నుంచి ఒకటి. వాయిస్‌లో అయితే ముందున్న విమానం కుదుపులు ఉన్నాయంటే మాకూ వినపడుతుంది, ఎవరు ఎటు తప్పుకుంటున్నారో తెలుస్తుంది. టెక్స్ట్ వచ్చాక ఫ్రీక్వెన్సీ ప్రశాంతంగా ఉంటుంది, కానీ చుట్టూ ఏం జరుగుతోందో చెవికి అందదు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

చదవడంలో పొరపాట్లు పోతాయనుకోకండి, రకం మారుతుంది అంతే. ఫలానా టైంకి పై ఎత్తుకి ఎక్కు అని మెసేజ్ వస్తే ఆ టైం ముక్క కంట్లో పడక వెంటనే ఎక్కేసిన క్రూలు ఉన్నారు, సముద్రం మీద ఇది తెలిసిన జబ్బే. అందుకే ఇద్దరూ విడివిడిగా మనసులో చదవాలి, ఒకరు గట్టిగా చదివి వినిపిస్తే రెండోవాళ్ళు విన్నదే చూస్తారు. ఆ తర్వాతే విల్కో (అలాగే చేస్తాం అనే జవాబు). ఒకే మెసేజ్‌లో మూడు ఆదేశాలుండి ఒకటి కుదరకపోయినా మొత్తానికీ అన్‌ఏబుల్ (కుదరదు) కొట్టాల్సిందే, సగం ఒప్పుకోవడం ఉండదు.

రన్‌వే_పిచ్చోడు:
టెనెరిఫ్ సంగతి అర్థమైంది అన్నా. మరి సెక్యూరిటీ? ఎవడన్నా దొంగ మెసేజ్ పంపితే?

లింక్_లేయర్:
ఇప్పుడు వాడేదాంట్లో చాలావరకు ఎన్‌క్రిప్షన్ లేదు, ఆ మాట నిజం. కానీ వాయిస్‌కీ లేదుగా, ట్రాన్స్‌మిటర్ ఉన్న ఎవడైనా కంట్రోలర్‌లా మాట్లాడొచ్చు.

కుడి_సీటు:
మెసేజ్ తేడాగా అనిపిస్తే మేం విల్కో కొట్టం, మైక్ తీసుకుని అడుగుతాం. స్ట్రిప్_బోర్డ్ గారూ, అప్పుడు కాస్త చిరాకు పడకుండా మళ్ళీ చెప్పండి మరి 😄