వ్యవధి అంటే పట్టే రోజులా, మిగిలే రోజులా?

సభ్యులందరికీ నమస్కారం. 'వ్యవధి' అనే మాట గురించి అడగాలని కొన్నాళ్లుగా అనుకుంటున్నాను. దాన్ని నేను ఒక అర్థంలో వాడితే ఎదుటి మనిషి ఇంకో అర్థంలో విన్నారు. దాంతో మా పని మూడు రోజులు వెనకపడింది. తప్పు ఆయనది కాదని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

నేను విశాఖ ఆటోనగర్‌లో పైపుల ఫ్యాబ్రికేషన్ చేసే చిన్న షెడ్డులో ప్లానింగ్ చూస్తాను. మొన్నటిదాకా అంతా ఎక్సెల్‌లోనే నడిచింది. ఇప్పుడు ఆర్డర్ ఇచ్చేవాళ్లు షెడ్యూల్‌ని మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లోనో ప్రైమవేరాలోనో చేసి పంపమంటున్నారు. అందుకని సాయంత్రాలు ద్వారకానగర్‌లో క్లాసుకి వెళ్లి నేర్చుకుంటున్నాను. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. కొత్త మాట ఏది విన్నా దాన్ని తెలుగులో ఏమంటామా అని వెతుక్కుంటాను. అది దొరికాకే నాకు విషయం పట్టుబడుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పనికి ఒక్కో వరుస ఉంటుంది. పనికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పేది 'డ్యూరేషన్' గడి. నా నోట్సులో దాని పక్కన 'వ్యవధి' అని రాసుకున్నాను. 'పరీక్ష వ్యవధి మూడు గంటలు' అంటాం కదా, ఆ ధైర్యంతో.

ఇక జరిగింది వినండి. ఒక ఆర్డర్‌లో ఫిటప్‌కి (పైపు ముక్కల్ని జతచేసి నిలబెట్టడానికి) 4 రోజులు, వెల్డింగ్‌కి 5, ఆ అతుకుల్ని పరీక్షించే ఎక్స్‌రేకి 2, పెయింటింగ్‌కి 3, మొత్తం 14 రోజులు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిన పనులు. వీటికి పక్కగా పైపులను మోసే సపోర్టులు తయారవ్వాలి. వాటికి 6 రోజులు చాలు, పెయింటింగ్ మొదలయ్యేలోపు సిద్ధంగా ఉంటే సరిపోతుంది. పెయింటింగ్ దాకా పైపుల దారి 11 రోజులు, సపోర్టుల దారి 6. అంటే సపోర్టులను 5 రోజులు ఆలస్యంగా మొదలుపెట్టినా ఎవరికీ నష్టం లేదు. వెల్డింగ్ మాత్రం ఒక్క రోజు జారినా సరుకు ఒక రోజు ఆలస్యంగా వెళ్తుంది.

సోమవారం మీటింగ్‌లో షీటు చూసి ఫోర్‌మన్ గారికి చదివి వినిపించాను: 'వెల్డింగ్‌కి ఐదు రోజుల వ్యవధి.' ఆయన తలూపారు. గురువారం షెడ్డులోకి వెళ్తే వెల్డర్లంతా సపోర్టుల మీద ఉన్నారు. 'ఇదేంటండీ' అంటే ఆయన అన్న మాట ఇది: 'వెల్డింగ్‌కి అయిదు రోజులు వ్యవధుందని మీరే సెప్పేరు కదమ్మా. అందుకే మనుషుల్ని ముందు సపోర్టుల మీద ఎట్టీసేను.'

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టెన్షన్ ఒకవైపు, ఆ మాట ఇంకోవైపు. ఆలోచిస్తే ఆయన విన్నదే అసలైన తెలుగు అనిపించింది. 'పెళ్లికి ఇంకా నెల రోజుల వ్యవధి ఉంది', 'వ్యవధి లేదు, తర్వాత మాట్లాడతా' అంటాం. అక్కడ వ్యవధి అంటే పనికి పట్టే కాలం కాదు, చేతిలో మిగిలిన కాలం. సంస్కృతం ప్రకారం చూసినా వ్యవధి, వ్యవధానం రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే. రెండింటికి మధ్య అడ్డుగా నిలిచేది, ఎడం అని అర్థం. (అవధి, అవధానం కూడా ఆ కుటుంబంలోవే.) పరీక్ష కాగితం మీది 'వ్యవధి' మనకు చదువులో అలవాటైన మాట. నోటిలోని 'వ్యవధి' దానికి దాదాపు ఎదురు మాట.

ఆ షీటులో ఇంకో గడి ఉంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ దాన్ని 'టోటల్ స్లాక్' అంటుంది, ప్రైమవేరా 'టోటల్ ఫ్లోట్' అంటుంది. ఒక పనిని మొత్తం పూర్తయ్యే తేదీ మారకుండా ఎన్ని రోజులు ఆలస్యం చేయొచ్చో అందులో కనిపిస్తుంది. వెల్డింగ్ వరుసలో డ్యూరేషన్ 5, స్లాక్ 0. సపోర్టుల వరుసలో డ్యూరేషన్ 6, స్లాక్ 5. నేను మొదటి 5 చెప్పాను, ఆయన రెండో 5 విన్నారు.

ఆ రెండో గడికి మా ఫోర్‌మన్ గారి దగ్గరే ఒక మాట ఉందని తర్వాత తెలిసింది. 'దీనికి సావకాశం ఉందా లేదా, అదొక్కటి సెప్పండమ్మా' అన్నారు. సావకాశం! స, అవకాశం. అవకాశం అంటే మొదట చోటు, ఖాళీ. తర్వాతే అది 'ఛాన్స్' అయింది. చోటు ఉన్న పని సావకాశం ఉన్న పని. 'సావకాశంగా కూర్చుని మాట్లాడుకుందాం' అని రోజూ అంటూనే ఉన్నాం. ఫ్లోట్‌కి ఇంతకంటే సరైన మాట నాకు దొరకలేదు.

నా ప్రశ్నలు రెండు. ఫ్లోట్‌కి సావకాశం సరేనా? డ్యూరేషన్‌కి వ్యవధి వద్దనుకుంటే ఇంకేం పెట్టాలి?

జవాబు (మధురవాడ నుంచి)

'వెసులుబాటు' అని కూడా అనొచ్చు కదండీ. పత్రికల్లో ఎక్కువ వాడేది అదే.

జవాబు (సింధియా నుంచి)

నాకైతే ఫ్లోట్‌ని ఫ్లోట్ అనే ఉంచడం మేలనిపించేది, మీ పోస్టు చదివేదాకా. మా ఇంట్లో రెండు తరాలు ఓడల పనిలోనే ఉన్నాయి. 1948లో 'జలఉష' ఓడ నీళ్లలోకి దిగిన ఊరు ఇది. ఇక్కడ ఫ్లోట్ అంటే ఓడ తేలడం. మీటింగ్‌లో 'ఫ్లోట్ లేదు' అంటే కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇంకేదో అనుకుంటారు. కాబట్టి సావకాశానికే నా ఓటు.

డ్యూరేషన్‌కి 'నిడివి' చూడండి. సినిమా నిడివి, ఉపన్యాసం నిడివి అంటాం. నిడు అంటే పొడవు. నిడుద, నిడుపు అన్నీ దాని నుంచే. మీ సాఫ్ట్‌వేర్‌లో కుడివైపు కనిపించే గాంట్ చార్టులో పని ఒక పట్టీలా ఉంటుంది కదా. ఆ పట్టీ పొడవే పనికి పట్టే రోజులు. హెన్రీ గాంట్ 1910ల్లో ఆ రకం చార్టులకు పేరు తెచ్చినప్పటి నుంచీ ఆ లెక్క మారలేదు. వెల్డింగ్ నిడివి 5 రోజులు అంటే, ఎవరూ 'చేతిలో 5 రోజులున్నాయి' అనుకోరు.

జవాబు (శ్రీకాకుళం వైపు నుంచి)

మా ఇంట్లో వ్యవసాయం. మాకు 'అదను' ఉంది. కానీ అది ఫ్లోట్ కాదు, ఆ పనికి సరైన సమయం. నారు పోశాక పాతికరోజులకు అటూఇటూగా నాటాలి. నీళ్లు ఆలస్యమైతే కొన్నాళ్లు ఆగొచ్చు, ఆ కొన్నాళ్లే మీ సావకాశం. అదీ దాటితే నారు ముదిరి పిలకలు తగ్గుతాయి. అప్పుడు అదను తప్పిందంటాం. రెండు మాటలూ కావాలి, ఒకదాని చోట ఇంకోటి పనికిరాదు.

ఇంకో సంగతి. మా పెద్దవాళ్లని 'ఎన్ని రోజులు పడుతుంది' అని అడిగితే 'నాలుగైదు' అంటారు. మీ గడి దాన్ని తీసుకుంటుందా?

మొదట రాసిన సభ్యురాలి జవాబు

అందరికీ ధన్యవాదాలు. 'నిడివి' చూడగానే మనసుకి పట్టేసింది. ఇవాళే నోట్సులో 'వ్యవధి' కొట్టేసి అది రాసుకున్నాను. వెసులుబాటు మంచి మాటే. కానీ అది ఎవరో ఇచ్చేది అనిపిస్తుంది: ఫీజు వాయిదాల్లో కట్టే వెసులుబాటు లాగా. ఫ్లోట్ ఎవరూ ఇచ్చేది కాదు, పనుల వరుసలోంచి లెక్క ప్రకారం వచ్చేది.

నాలుగైదు గురించి. గడి ఒక్క అంకెనే తీసుకుంటుంది. కానీ ఆటోమేటిక్ షెడ్యూలింగ్ పెట్టుకుంటే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ కొత్త పనికి తనంతట తాను '1 డే?' అని ప్రశ్నార్థకంతో చూపిస్తుంది. అది అంచనా మాత్రమే అని అర్థం. ఆ ప్రశ్నార్థకం నాకు చాలా ఇష్టం. మన 'ఒకట్రెండు', 'రేపో మాపో' అన్నీ అందులో ఉన్నట్టు ఉంటాయి. 1958 ప్రాంతంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పని కోసం తయారు చేయించిన పెర్ట్ పద్ధతిలో ఇంకా నిజాయితీ ఉంది. అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని అని మూడు అంకెలు అడుగుతారు. మధ్య అంకెను నాలుగు రెట్లు చేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తారు. 4, 5, 12 అయితే 6 వస్తుంది. మా ఫోర్‌మన్ గారిని వెల్డింగ్ గురించి ఇలా అడిగితే 'వానొచ్చి కరెంటు పోతే పన్నెండు' అన్నారు. నాలుగైదు అన్న మనిషి లోపల ఆ పన్నెండు ఎప్పుడూ ఉందన్నమాట, అడిగినవాళ్లే లేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలంలో ఈ ఊళ్లో పనిచేసేవాళ్లకి ఆ మూడో అంకె ఎంత అవసరమో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

సెలవుల క్యాలెండర్ కూడా అంతే, మనమే నింపాలి. మా వెల్డర్లలో సగంమంది విజయనగరం వైపువాళ్లు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. ఏటా తేదీ మారుతుంది కాబట్టి ఆ రోజును ప్రతి సంవత్సరం చూసి చేత్తో పెట్టాల్సిందే.

జవాబు (అనకాపల్లి నుంచి)

గడువు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, ఎక్స్‌రే అయ్యాక రిపోర్టు కోసం రెండు రోజులు ఆగాల్సి వస్తే, అది కూడా సావకాశమేనా?

మొదట రాసిన సభ్యురాలి జవాబు

కాదండీ. అది మనం కావాలని రెండు పనుల మధ్య పెట్టే 'ల్యాగ్'. ఆగి తీరాలి, తగ్గించుకోవడానికి లేదు. దానికి 'ఎడం' సరిపోతుంది: ఎక్స్‌రేకీ పెయింటింగ్‌కీ మధ్య రెండు రోజుల ఎడం.

గడువుకి మాత్రం వేరే మాట వెతకక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో 'డెడ్‌లైన్' గడి ఉంది. అందులో తేదీ వేస్తే పని ముందుకీ వెనక్కీ జరగదు, చార్టులో ఒక బాణం గుర్తు పడుతుంది, అంతే. గడువు పెట్టాం, గడువు దాటింది, గడువు అడిగాం అనడంలోనూ అంతే కదా, అది మనం గీసుకున్న గీత. పని ఆ గీత దాటేలా ఉంటే స్లాక్ గడిలో మైనస్ వస్తుంది. మైనస్ సావకాశం అంటే ఎవరికీ అర్థం కాదు. 'లోటు' అని రాశాను. ఈ సోమవారం షీటులో నాలుగింటికీ తెలుగు పేర్లే పెట్టి ప్రింటు తీసి షెడ్డు గోడకి అంటించాను: నిడివి, సావకాశం, గడువు, లోటు.

ఫోర్‌మన్ గారు కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చారు. వెల్డింగ్ దగ్గర వేలు ఆగింది. 'సావకాశం సున్నా. అయితే రేపు దీని మీద ఇంకిద్దర్ని ఎడతానమ్మా' అన్నారు.