రోజూ నీళ్లు పెడుతున్నా గోల్ఫ్ గ్రీన్ పసుపెక్కుతోంది, ఏం చెయ్యాలె?

ధర్మసాగర్ తోట:

అందరికి నమస్తే. ధర్మసాగర్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌ల తోట పని చూస్తున్న. మా సారుకు గోల్ఫ్ అంటే పాణం. మార్చిల 40 అడుగులకు 40 అడుగులు పుటింగ్ గ్రీన్ వేయించిండు, అంటే బాల్‌ను మెల్లగ దొర్లించి గుంతల వేసే పొట్టి గడ్డి జాగ. కింద నల్లరేగడి. దాని మీద వాగు ఇసుక పోసి, హైదరాబాద్ నుంచి టిఫ్‌డ్వార్ఫ్ గడ్డి చాపలు తెచ్చి పరిచినం. మే దాకా చూడముచ్చటగ ఉండె. వానలు మొదలైనంక ఒక మూల పసుపెక్కింది, రూపాయి బిళ్లంత మచ్చలు కూడా పడుతున్నయ్. వాన పడని రోజు సాయంత్రం అర్ధగంట స్ప్రింక్లర్ పెడుతున్న. మామూలు లాన్ మిషిన్‌ను ఎంత కిందికి దిగితే అంత దించి కోస్తున్న. మొన్న పొద్దుగాల యూరియా చల్లితే ఇంకింత మాడింది. నీళ్లు చాల్తలేవా? ఆదివారం సారు వస్తున్నడు, ఏమన్న చెప్పుండ్రి.

కరీంనగర్ క్రికెట్ గ్రౌండ్:

తమ్మీ, నేను క్రికెట్ పిచ్‌లు చూసుకుంట. గడ్డి వేర్లు నేలకు పట్టుకోనట్టుంది. బరువు రోలర్ నాలుగు రౌండ్లు తిప్పు, చదునైతది, బాల్ కూడా మంచిగ దొర్లుతది. నల్లరేగడిని మాత్రం తిట్టకు. మాకు పిచ్ గట్టిపడేదే ఆ బంకమట్టితోని.

ఘనపూర్ నర్సరీ:

తమ్మీ, రోలర్ ముట్టకు. పైన అన్న చెప్పింది పిచ్‌కు నూటికి నూరు పాళ్లు నిజం, కని గ్రీన్ సంగతి వేరే. పిచ్ బిగుసుకుంటే మంచిది, గ్రీన్ బిగుసుకుంటే వేరుకు గాలాడది. తడి మీద బరువు రోలర్ తిప్పినవంటే మిగిలిన గడ్డి కూడా పోతది.

నేను హైదరాబాద్‌ల ఒక గోల్ఫ్ కోర్సుల 14 ఏండ్లు చేసిన. మొదటి మూడేండ్లు చేతుల చిన్న కత్తి, రోజంతా తుంగ తవ్వుడే. గడ్డతోని సహా రాకపోతే తుంగ మళ్ల మొలుస్తది, నీకు తెల్వంది కాదు. తర్వాత గ్రీన్ల మీదికి తీసుకున్నరు. ఇప్పుడు ఊర్ల నర్సరీ పెట్టుకున్న.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ గడ్డికి దప్పిక కాదు, అది మునుగుతున్నది. రేపు నీళ్ల పైపు పట్టుకునే ముందు పొడుగు కత్తితోని పసుపు మూలల ఒక ముద్ద కోసి తియ్యి. జానెడు లోతు. ఇసుక ఎంత మందం ఉంది, వేరు ఎంత దూరం దిగింది, వాసన ఎట్లుంది, చూసి చెప్పు. మేం ఏ గ్రీన్‌కు నీళ్లు పెట్టాలన్నా ముందు ముద్ద తీసి చేతుల పిసికి చూసేటోళ్లం. పైన ఎండినట్టే ఉంటది, లోపల బురద ఉంటది.

మచ్చల సంగతి. పొద్దుగాల ఐదున్నరకు గ్రీన్ ఎక్కంగనే మా మొదటి పని మంచు దులుపుడు. సన్నటి పొడుగు ఫైబర్ కట్టెను అటూ ఇటూ ఊపుకుంట నడుస్తం. దులిపిన సగం ముదురు పచ్చగ, దులపని సగం వెండిరేకు పరిచినట్టు ఉంటది. ఆ వెండి దిక్కు మోకాళ్ల మీద వంగి చూస్తే మచ్చ మీద సాలెగూడు తీరు సన్న దారాలు కనవడుతయ్. ఎండ రాంగనే మాయం. నీకు కూడా అట్ల కనవడితే అది డాలర్ స్పాట్ అనే బూజు రోగం. ఆకు రాత్రంత తడిగ ఉంటే అది పాకుతది. నువ్వు సాయంత్రం స్ప్రింక్లర్ పెట్టి రాత్రంత తడి ఉంచుతున్నవ్. నీళ్లు అవసరమైతే తెల్లారుజామున పెట్టు, లేకుంటే పెట్టకు. మంచును కట్టెతోనన్న, తాడు ఇద్దరు పట్టి గుంజన్న దులుపు.

యూరియా తప్పు నేనూ చేసిన. నాలుగో ఏడు, ఏడో గ్రీన్ మీద, మంచు ఆరకముందే చల్లిన. గింజలు తడి ఆకులకు అంటుకున్నయ్. మూడో రోజుకు నేను నడిచిన బాట వెంబడి గోధుమరంగు చారలు తేలినయ్, మూడు వారాలు పోలేదు. రోజూ వాటి మీదికెళ్లే మిషిన్ నడుపుకుంట పోవాలె, కడుపుల దేవినట్టయ్యేది. ఆకు పొడిగ ఉన్నప్పుడు, కొంచెం కొంచెం చల్లి, వెంటనే నీళ్లతోని కిందికి దించాలె.

ఇగ కోసుడు. నీ లాన్ మిషిన్ రెక్క గడ్డిని కొడ్తది. గ్రీన్‌కు రీల్ మిషిన్ కావాలె, తిరిగే బ్లేడు కింది పట్టీకి ఆనుకొని కత్తెర లెక్క కోస్తది. షెడ్డుల నుంచి తీసే ముందు రోజూ పేపరు ముక్క పెట్టి రీలును తిప్పి చూస్తం, చేతివేళ్లు దూరం పెట్టి. పేపరు నీటుగ తెగాలె. నలిగితే ఆ మిషిన్ ఆ రోజు గ్రీన్ ఎక్కది. మా దగ్గర 4 మిల్లీమీటర్లకు కోసేది. నువ్వు 8 దగ్గర మొదలుపెట్టి మెల్లగ దించు. నిన్న నిలువు కోస్తే ఇయ్యాల అడ్డం.

ధర్మసాగర్ తోట:

అక్కా, ముద్ద తీసిన. ఇసుక నాలుగు వేళ్ల మందమే ఉంది. ఇసుక, రేగడి కలిసే కాడ బొగ్గు గీత లెక్క నల్లగ ఉంది, కుళ్లిన గుడ్డు వాసన. వేరు వేలి కణుపంత కూడ లేదు. తెల్లారి మచ్చల మీద నువ్వు చెప్పిన దారాలు కూడ కనవడ్డయ్. గడ్డి మొత్తం మళ్ల కొనాల్నా?

ఘనపూర్ నర్సరీ:

కొనొద్దు. ఆ నల్ల గీతనే నీ రోగం. రేగడి నీళ్లు తాగదు, ఇసుకల దిగిన నీళ్లు ఆడ్నే ఆగి మురిగినయ్.

ఈ వానకాలం బతికించుకో. పల్లం దిక్కు అంచు వెంబడి రేగడిలకు దిగేటట్టు కాల్వ తవ్వి, తూట్ల పైపు వేసి, కంకరతోని నింపి బయటికి దారి ఇయ్యి. గ్రీన్ మీద వేలెడు మందం బోలు గొట్టంతోని బెత్తెడు దూరానికొక తూటు పొడిచి, వచ్చిన మట్టి ఎత్తేసి, పొడి ఇసుకతోని నింపు. సన్న దుబ్బ ఉన్న ఇసుక వద్దు. సీసాల నీళ్లు పోసి ఇసుక వేసి ఊపు. ఇసుక కిందికి దిగినంక కూడ నీళ్లు చాయ రంగులనే ఉంటే వాపస్ పంపు. బాల్ పడే గుంతను కూడ వారానికి రెండు సార్లు జరుపు, ఒక్క కాడనే నిలబడి తొక్కితే అక్కడ గడ్డి కూసుంటది. కొత్త గుంతల తీసిన ముద్దనే పాత గుంతల పెట్టి అరచేత్తో చదును చేసి నీళ్లు పొయ్యి.

అసలు మందు ఎండకాలం మొదట్లనే. అమెరికా గోల్ఫ్ సంఘం పద్ధతిల 30 సెంటీమీటర్ల ఇసుక, దాని కింద 10 సెంటీమీటర్ల కంకర, ఆ కింద పైపులు. టిఫ్‌డ్వార్ఫ్ అంటే వినాయకునికి పెట్టే మన గరికె చుట్టమే, గరికెకు ఆఫ్రికా గడ్డికి పుట్టిన సంకరం. ఇత్తనం కట్టది, కాడలతోనే పెరుగుతది. ఉన్నదాన్నే లేపి, కాడలు తుంచి మళ్ల నాటు, రెండు మూడు నెలల్ల కమ్ముకుంటది.

ఆదివారం దాకా ఆ ముద్దను తడిబట్టల చుట్టి ఉంచు. సారుకు మాటలతోని చెప్పకు, చేతుల పెట్టి వాసన చూడమను.