మధ్యాహ్నం 12 దాటగానే టీవీ పోతోంది, కొబ్బరి మట్టలు కొట్టించాలా?

అంబాజీపేట నుంచి:
నాలుగు రోజులుగా సరిగ్గా 12 దాటి రెండు నిమిషాలకి బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయి నో సిగ్నల్ అంటోంది. పది నిమిషాలకి దానంతటదే వచ్చేస్తోంది. మబ్బు లేదు, గాలి లేదు, ఎండ మాడిపోతోంది. మెకానిక్ సాయంత్రం వచ్చాడు, అప్పుడన్నీ బాగానే ఉన్నాయి! అయినా డిష్ అటూ ఇటూ కదిపి 300 తీసుకుని, "దక్షిణం వైపు చెట్టు అడ్డమండి, మట్టలు కొట్టించండి" అన్నాడు. అది మా నాన్నగారు వేసిన చెట్టు, అమ్మ ఒప్పుకోదు. ఎల్లుండి దింపు తీసేవాళ్ళు వస్తున్నారు. ఈలోగా ఎవరైనా చెప్పండి.

పాత కేబులోడు, రాజోలు:
చెట్టు జోలికి వెళ్ళకండి. చెట్టు అడ్డమైతే రోజంతా అడ్డమే కదండీ, పది నిమిషాలుండి తప్పుకోదు. మార్చి రెండో వారం కదా, ఇది సూర్యుడి పని. మీ డిష్‌కి సిగ్నల్ పంపే ఉపగ్రహం భూమధ్యరేఖ పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున భూమితో పాటే తిరుగుతుంది, అందుకే మనకి కదలనట్టే ఉంటుంది. ఏటా ఈ రోజుల్లో, మళ్ళీ అక్టోబరు మొదట్లో, సూర్యుడు సరిగ్గా దాని వెనక్కి వస్తాడు. ఆయన రేడియో రొదలో దాని మాట వినడమంటే ప్రభల తీర్థంలో డప్పుల మధ్య గుసగుస వినడమే.

నేను కేబుల్ నడిపినప్పుడు పెద్ద డిష్‌లుండేవి. డిష్ ముందు సిగ్నల్ పట్టే ఫీడు నీడ డిష్ నడిమధ్యకి రాగానే ఫోన్లు మొదలు. డబ్బులు కట్టాం కదా అని తిట్లు. సూర్యుణ్ణి అడగండి అనేవాణ్ణి. మీ చిన్న డిష్‌లో ఆ సిగ్నల్ పట్టే డబ్బా, ఎల్ఎన్‌బీ అంటారు, కిందికి ఉంటుంది, అంచేత వెలుగు దాని మూతి మీదకి చేరుతుంది. రేపు ఆ టైముకి చూడండి. డిష్‌నే సుమా, సూర్యుణ్ణి కాదు.

ముమ్మిడివరం నుంచి:
మా ఫ్రీ డిష్ 11:15కే పోతోందండి. మాకు సూర్యుడు ముందొచ్చాడా?

పాత కేబులోడు, రాజోలు:
మీది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం. సూర్యుడు తూర్పు నుంచే వస్తాడు కదా, అందుకే ముందు. అంబాజీపేట వారిది 12 దాటాక అంటే 83 డిగ్రీల దగ్గరది. జీశాట్-24 ఉండేది అక్కడే. మన కోనసీమ 82 డిగ్రీల దగ్గర, కాబట్టి అది దాదాపు నేరుగా దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్ కన్నా 40 అడుగులు ఎత్తున్న చెట్టయినా డిష్‌కి 14 అడుగుల లోపుంటేనే అడ్డం. తాడేసి కొలవండి.

అంబాజీపేట నుంచి:
కొలిచాను, 22 అడుగులు. ఇవాళ 12:06కి ఎల్ఎన్‌బీ మూతి తళతళలాడింది, లోపల్నుంచి అమ్మ "పోయింది" అని అరిచింది. దింపు వాళ్ళకి కాయలే కోయమని చెప్పేశాను. మెకానిక్ ఫోన్ ఎత్తడం లేదు.