చార్మినార్ చుట్టూ ఒక్కరోజు: ఏది ముందు, ఏది తర్వాత?

కృష్ణాతీరం:
విజయవాడ నుంచి హైదరాబాద్‌కి నలుగురం వస్తున్నాం. అమ్మకి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పాపకి పన్నెండు. రాత్రి బస్సుకి బయల్దేరి తెల్లవారుజామున ఎంజీబీఎస్‌ బస్టాండులో దిగుతాం, ఆ రాత్రికే తిరుగు ప్రయాణం. శుక్రవారం అనుకుంటున్నాం. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం, గాజులమ్మే లాడ్ బజార్ అన్నీ అవుతాయా?

పత్తర్‌గట్టి మూల:
ముందు ఆ శుక్రవారం మార్చుకోండి. చౌమహల్లా, సాలార్‌జంగ్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, మూడింటికీ వారపు సెలవు శుక్రవారమే. పైగా ఆరోజు మధ్యాహ్నం జుమ్మా నమాజు. మక్కా మసీదు లోపలే కాదు, బయట రోడ్డు కూడా నిండిపోతుంది, ఆ వేళకి సందర్శకులను లోపలికి పంపరు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ చార్మినార్ మెట్ల దగ్గరే గంట పోతుంది. మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా మంచిది.

రెండో మాట. పాతబస్తీ ఆలస్యంగా నిద్ర లేస్తుంది. లాడ్ బజార్‌లో పదకొండు దాటితే గానీ షట్టర్లు సరిగా లేవవు. అందుకని పొద్దున కట్టడాలు, సాయంత్రం బజారు. చాలామంది తిరగేసి చేసి, మిట్టమధ్యాహ్నం మసీదు ఆవరణలో కాలే రాళ్ల మీద నిలబడతారు.

గుల్జార్ హౌజ్:
అన్నా, ఎంజీబీఎస్ నుంచి ఆటో అతనికి 'చార్మినార్' అని చెప్పకండి, 'మదీనా చౌరస్తా' అని చెప్పండి. అక్కడ దిగి దక్షిణం దిక్కు నడిస్తే పత్తర్‌గట్టి రాతి వరండాల కింద నీడలో పోవచ్చు. కొంచెం ముందుకు పోతే మొదటి కమాన్ (రోడ్డు మీది పెద్ద తోరణం) వస్తది, అది మచిలీ కమాన్. దాన్ని దాటితే గుల్జార్ హౌజ్ ఫౌంటెన్. అక్కడ ఆగి చుట్టూ తిరిగి చూడండి: ఉత్తరాన మీరొచ్చిన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమర షేర్‌-ఎ-బాతిల్ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. నాలుగూ 1592లో కట్టినవి, చార్మినార్ తర్వాతి ఏడాది. పొద్దున ఏడుకి పోతే నాలుగూ ఒక్క చోట నిలబడి చూడొచ్చు. పది దాటితే బండ్లు, ఆటోల మధ్య ఆ నడిమధ్యన నిలబడే జాగా దొరకదు.

టిఫిన్ కూడా అక్కడే కానియ్యండి, పొద్దున దోసె బండ్ల దగ్గర వెన్న దోసె మంచిగుంటది. మిగతా తినుబండారాలు మధ్యాహ్నానికి ఉంచుకోండి.

మెట్లు లెక్కపెట్టేవాడు:
అమ్మగారిని చార్మినార్ పైకి ఎక్కించకండి. 149 మెట్లు, మినారు లోపల మెలి తిరుగుతూ పోతాయి. లెక్క కన్నా అసలు ఇబ్బంది మెట్టు ఎత్తు. మామూలు ఇంటి మెట్టు కంటే చాలా ఎత్తు, లోపలి వైపు సన్నగా కోసుకుపోయి ఉంటుంది, అరికాలు సగమే ఆనుతుంది. మధ్యలో కూర్చోవడానికి చోటుండదు, వెనక జనం ఉంటే తిరిగి దిగడమూ కష్టమే. దిగేటప్పుడే మోకాలు ఎక్కువ బాధిస్తుంది. పాప, మీరు ఎక్కండి. ఎక్కేటప్పుడు బయటి గోడ వైపు, మెట్టు వెడల్పుగా ఉన్న చోట అడుగు వేయండి. సంచి వీపుకి కాకుండా ముందుకి తగిలించుకోండి.

టికెట్ 25 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు లేదు. పొద్దున తొమ్మిదిన్నరకు తెరుస్తారు, ఆ మొదటి అరగంటే మేలు.

అమ్మగారు కిందే ఉంటే నష్టపోయేది తక్కువ. సరిగ్గా నడిమధ్యన నిలబడి తల ఎత్తమనండి. పైకప్పు గుమ్మటం లోపల గచ్చుతో చేసిన పూల వలయం కనిపిస్తుంది. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి, కట్టడం మాత్రం 1591 నాటిది. దీన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఎవరి కొడుకో పాపకి చెప్పండి. మన తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్న ఇబ్రహీం కొడుకు.

ఖిల్వత్ దారి:
మక్కా మసీదుకి చార్మినార్ మెట్లు దిగిన వెంటనే, అంటే పదిన్నర లోపు వెళ్లిపోండి. చెప్పులు బయట వదలాలి. ఎండాకాలమైతే జత మేజోళ్లు సంచిలో పెట్టుకోండి, రాతి నేల విపరీతంగా కాలుతుంది. నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు వద్దు, ఆడవాళ్లు తల మీద కప్పుకోవడానికి చున్నీ ఉంచుకోండి. పెద్ద సంచులను తనిఖీ చేస్తారు.

కట్టడం మహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలై 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది. ఆవరణలో ఓ పక్క వరుసగా ఉన్న పాలరాతి సమాధులు అసఫ్ జాహీలవి, అంటే నిజాం వంశం వాళ్లవి, రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా. ఏడో ఆయన కోసం వెతక్కండి, ఆయన సమాధి కింగ్ కోఠీ దగ్గరి మసీదులో ఉంది.

అక్కణ్నుంచి చౌమహల్లా పది నిమిషాల నడక. కెమెరాకి వేరే టికెట్ ఉంటుంది. అమ్మగారికి ఇదే మంచి చోటు: నీడ, తోట, కూర్చునే జాగా, మరుగుదొడ్లు, అన్నీ ఉన్నాయి. ఖిల్వత్ దర్బారు హాల్లో బెల్జియం షాండ్లియర్ల కింద ఎంతసేపైనా నిలబడొచ్చు. వెనక ఆవరణలో పాత కార్లున్నాయి, పసుపు రంగు రోల్స్‌రాయిస్ పాపకి చూపించండి.

పత్తర్‌గట్టి మూల:
సాలార్‌జంగ్ మాత్రం ఈ రోజుకి కలపకండి. దానికే సగం రోజు కావాలి.

మూసీ ఒడ్డు:
అంత ఖచ్చితంగా వద్దనక్కర్లేదండీ. చౌమహల్లాలో గంటన్నరతో సరిపెడితే, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మ్యూజియంలో రెండే రెండు చూడొచ్చు: ముసుగు వేసుకున్న స్త్రీ 'వీల్డ్ రెబెకా' పాలరాతి బొమ్మ, సంగీత గడియారం. గడియారం దగ్గరికి గంట కొట్టడానికి పది నిమిషాల ముందే చేరండి. గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికెళ్తుంది. ఆ కొద్దిసేపటికే జనం కిక్కిరిసిపోతారు, ఆలస్యమైతే పాపకి వెనక నుంచి ఏమీ కనపడదు. ఎండవేళ అమ్మగారికి లోపల చల్లగా కూర్చోవడమూ కుదురుతుంది.

లక్క పని:
లాడ్ బజార్ సాయంత్రం ఐదు తర్వాత. ముందు గాజుల సైజు తెలుసుకుని రండి, అందరూ తప్పు చేసేది అక్కడే. గాజు మీద 2.4 అని ఉంటే అది దశాంశం కాదు. రెండు అంగుళాలు, ఆపైన పదహారు భాగాల్లో నాలుగు. అంటే రెండుంబావు, సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60, 2.8 అంటే సరిగ్గా రెండున్నర అంగుళాలు. ఇంట్లో స్కేలుతో కొలిచి 2.4 అంగుళాలు వచ్చిందని దుకాణంలో 2.4 అడిగితే చేతికెక్కదు. మీకు కావాల్సింది 2.6. కొలవాల్సింది సరిపోయే పాత గాజు లోపలి వ్యాసం, బయటి అంచు నుంచి బయటి అంచుకి కాదు.

లక్క గాజు సాగదు. లోహపు కడియం మీద వేడి లక్క పూసి, అది మెత్తగా ఉండగానే రాళ్లు ఒత్తుతారు. కొన్నిచోట్ల బొగ్గుల కుంపటి పెట్టుకుని మీ ముందే చేస్తారు, అలాంటి చోట కొనండి. రాయిని గోటితో మెల్లగా నెట్టి చూడండి, లక్కలో దిగిన రాయి కదలదు, పైన జిగురుతో అంటించినది అంచు లేస్తుంది. ధర అడిగేటప్పుడు సెట్టుకి ఎన్ని గాజులో ముందే అడగండి. ఈ గాజులకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఆ పేరు చెప్పి రెసిన్ గాజులు అంటగట్టే వాళ్లూ ఉంటారు.

కృష్ణాతీరం:
చాలా థాంక్సండీ. బుధవారానికి మార్చాం. ముత్యాలు కూడా కొనాలని మా ఆవిడ అంటోంది, పత్తర్‌గట్టిలో ఎలా చూసుకోవాలి?

లక్క పని:
రెండు ముత్యాలు ఒకదానికొకటి రుద్దండి, అసలువి సన్నటి ఇసుకలా గరగరమంటాయి, ప్లాస్టిక్ జారిపోతుంది. దండలో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉందా చూడండి. ముడి ఉంటే దారం తెగినా ఒక్కటే పోతుంది. బిల్లు తప్పకుండా తీసుకోండి.

గుల్జార్ హౌజ్:
తిరిగి పోయేటప్పుడు మళ్లీ మదీనా దాకా నడిచి అక్కడ ఆటో ఎక్కండి. సాయంత్రం చార్మినార్ దగ్గర ఎక్కితే కమాన్లు దాటేసరికే అరగంట. బస్సు తొమ్మిదికైతే ఏడున్నరకే కదలండన్నా.