లెక్కకట్టిన భ్రమణ స్థిరాంకాలను ఏ నిష్పత్తితో సరిదిద్దాలి?

టీఎంసీ-1 అనే అంతరిక్ష వాయు మేఘపు రేడియో డేటాలో, ప్రయోగశాల కొలతలు లేని ఒక వలయాకార నైట్రైల్ (సీఎన్ గుంపు ఉన్న) అణువు కోసం వెతుకుతున్నాను. దాని రేఖలు ఏ పౌనఃపున్యాల దగ్గర వస్తాయో భ్రమణ స్థిరాంకాలే (అణువు ఆకారం, ద్రవ్యరాశి నుంచి వచ్చే సంఖ్యలు) చెబుతాయి కాబట్టి వాటిని కంప్యూటర్ మీద లెక్కకడుతున్నాను. ముందుగా పద్ధతిని సయనోఎసిటిలీన్ (హెచ్‌సీ3ఎన్) అనే సరళరేఖ అణువు మీద పరీక్షించాను. బీ3ఎల్‌వైపీ అనే క్వాంటం లెక్క పద్ధతి, సీసీ-పీవీటీజెడ్ అనే బేసిస్ సెట్ (ఎలక్ట్రాన్లను వర్ణించే ప్రమేయాల సమితి)తో దాని భ్రమణ స్థిరాంకం బీ విలువ 4574 మెగాహెర్ట్జ్ వచ్చింది. కొలిచిన విలువ 4549.06. తేడా అర శాతమే, కానీ 18,196 దగ్గర ఉండాల్సిన 2-1 రేఖ (అణువు భ్రమణ స్థాయి 2 నుంచి 1కి దిగేటప్పుడు వచ్చేది) 18,296కు పోయి కూర్చుంది. ఆ చల్లని మేఘంలో రేఖ వెడల్పు 30 కిలోహెర్ట్జ్ ఉంటే గొప్ప!

బేసిస్ సెట్ పెంచాను, అణువు కంపనాల ప్రభావానికి సవరణ కలిపాను. రెండు మూడు మెగాహెర్ట్జ్‌లకు మించి కదలలేదు. చివరికి కొలిచిన విలువను లెక్క విలువతో భాగించి, ఆ 0.9945తో అదే కుటుంబంలోని పొడవైన అణువు హెచ్‌సీ5ఎన్‌ను సరిచేస్తే అసలు విలువ 1331.33కు 0.1 తేడాలోకి వచ్చింది. సంబరపడ్డాను. అయితే 2018లో అదే మేఘంలో దొరికినట్టు ప్రకటించిన బెంజోనైట్రైల్‌కు (బెంజీన్ వలయానికి సీఎన్ తగిలిన అణువు) ఇది కుదరలేదు. దాని మూడు అక్షాల స్థిరాంకాలైన ఏ, బీ, సీలకు మూడు వేర్వేరు నిష్పత్తులు వచ్చాయి.

నా అణువుకు బెంజోనైట్రైల్ నిష్పత్తులను మూడు అక్షాలకూ విడివిడిగా వాడాలా, లేక నైట్రైల్ లేని దాని మాతృ వలయం నుంచి తీసుకోవాలా?