ఫాలో, స్టార్, ఫీడ్: సాఫ్ట్‌వేర్ షేరింగ్ సైట్‌కి ఎట్ల పెట్టాల?

అలిపిరి_కోడర్:
తిరుపతి కాలేజీ పిల్లోళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్ పెట్టుకునే సైట్. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), 2 జీబీ సర్వర్, 3,000 మంది యూజర్లు. ఫాలో, స్టార్ పెట్టినాక హోమ్ పేజీ ఫీడ్ 4 సెకన్లు తీసుకుంటా ఉండాది. రెడిస్ (డేటాని మెమరీలో ఉంచి తొందరగా ఇచ్చే క్యాష్) పెట్టాల్నా?

చిత్తూరు_డీబీ:
3,000 మందికి రెడిస్ ఎందుకబ్బా! ముందు ఆ ఫీడ్ క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ కొట్టు, డేటాబేస్ దాన్ని ఎట్ల నడిపిందో, ఎంత టైమ్ పట్టిందో చూపిస్తుంది. ఈవెంట్స్ టేబుల్ (ఎవరు ఏం చేసినారో ఉండేది) మొత్తం సీక్వెన్షియల్ స్కాన్ (మొదటి నుంచి ప్రతి వరుసా చదవడం) అవుతా ఉంటే, యూజర్ ఐడీ, టైమ్ రెండిటికీ కలిపి ఒకే ఇండెక్స్ (వరుసల్ని తొందరగా వెతికే సూచిక) వెయ్యి. పేజీకి 20 ఈవెంట్లు చాలు. ఆఫ్‌సెట్ (ఇన్ని వరుసలు వదిలి తర్వాతవి ఇయ్యి అనడం) మాత్రం వద్దు. వెనక పేజీలకి పోయే కొద్దీ, వదిలెయ్యాల్సిన వరుసల్ని కూడా చదివి పారేస్తుంది. చివరి ఈవెంట్ టైమ్, ఐడీ పట్టుకొని అంతకు ముందువి అడుగు. సెలెక్ట్ రిలేటెడ్ (జతపడిన టేబుల్ వివరాలు కూడా ఒకే క్వెరీలో తెచ్చే జాంగో పద్ధతి) మర్చిపోతే ఒక్కో ఈవెంట్‌కి ఇంకో క్వెరీ పోతుంది, చాలా సైట్లు నెమ్మదించేది దీంతోనే.

స్టార్ టేబుల్లో యూజర్, ప్రాజెక్ట్ జతకి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే జత రెండోసారి రాకుండా ఆపే నియమం) ఉందా? లేకపోతే బటన్ రెండుసార్లు నొక్కినోడివి రెండు స్టార్లు.

రేణిగుంట_లైనక్స్:
రెడిస్ మాట వచ్చింది కాబట్టి: 2024 మార్చిలో దాని లైసెన్స్ ఓపెన్ సోర్స్ కానిదానికి మారింది. ఆ నెలలోనే లైనక్స్ ఫౌండేషన్ కింద వాల్కీ ఫోర్క్ (రెడిస్ పాత కోడ్ నుంచి విడిగా నడిచే ప్రాజెక్ట్) మొదలైంది, అది బీఎస్‌డీ లైసెన్స్ (షరతులు తక్కువ ఉండే ఓపెన్ సోర్స్ లైసెన్స్). 2025లో రెడిస్ 8కి ఏజీపీఎల్ (ఇంకో ఓపెన్ సోర్స్ లైసెన్స్) కూడా చేర్చినారు. రేపు క్యాష్ కావాలంటే వాల్కీ చాలు.

కామెంట్లు తెరిచేముందు, స్పామ్ తగ్గాలంటే, లింకులకి నోఫాలో (సెర్చ్ ఇంజిన్లకి వాటికి విలువ ఇయ్యొద్దని చెప్పే గుర్తు), కొత్త ఖాతాలకి గంటకి 5 కామెంట్ల హద్దు పెట్టు.

అలిపిరి_కోడర్:
యూనిక్ కన్‌స్ట్రెయింట్ లేదన్నా. పాత డూప్లికేట్లు ఉంటే మైగ్రేషన్ (టేబుల్‌కి ఆ మార్పు చేసే పని) ఆగిపోతుందా?

చిత్తూరు_డీబీ:
ఆగిపోతుంది. జతకి చిన్న ఐడీ ఉన్నది ఉంచి మిగతావి తీసెయ్, ఆ తర్వాతే మైగ్రేట్.