ఈస్ట్రోజెన్ రక్తనాళాల మూలకణాలను పెంచితే గుండెకు రక్షణ దొరుకుతుందా?

ప్రశ్న: ముట్లుడగక ముందు స్త్రీలలో గుండెజబ్బులు తక్కువగా ఉండటానికి, నాళాల లోపలిపొరను మరమ్మతు చేసే ఎముక మజ్జ కణాలను (నాళాల మూలకణాలను) ఈస్ట్రోజెన్ రక్తంలోకి ఎక్కువగా రప్పించడం ఒక కారణమని చదివాను. అలాగైతే 2002లో అమెరికాలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ హార్మోనులా పనిచేసే మందు) కలిపి ఇచ్చిన పెద్ద ప్రయోగాన్ని మధ్యలో ఎందుకు ఆపేశారు?

జవాబు 1: ముందు ఆ కణాల సంగతి చూడాలండి. 1997లో శాస్త్రవేత్త అసహారా బృందం వాటిని మనుషుల రక్తం నుంచి వేరుచేసినప్పుడు ఎంతో ఆశ కలిగింది. అయితే నాళాల మూలకణాలన్న పేరుతో లెక్కించిన వాటిలో చాలావరకు రక్తకణాల జాతివేనని, అవి నాళపు గోడలో కలిసిపోకుండా, పెరుగుదలను ప్రేరేపించే పదార్థాలను స్రవించి తోడ్పడతాయని తరువాత తేలింది. ఎలుకలకు ఎస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) ఇచ్చినప్పుడు, నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైము ద్వారా వీటి సంఖ్య పెరిగిన మాట నిజమే. కానీ సంఖ్య పెరగడం వేరు, జబ్బుపడిన నాళం బాగుపడటం వేరు.

జవాబు 2: వయసును కూడా మరవకూడదు. ఆ ప్రయోగంలోని 16,608 మంది సగటు వయసు 63 ఏళ్లు, అంటే చాలామందికి ముట్లుడిగి ఏళ్లు గడిచాయి. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, గుండెపోటు పెరగడంతో దాన్ని ఆపారు. 2016లో వెలువడిన ఎలైట్ అనే మరో ప్రయోగంలో మాత్రం, ముట్లుడిగిన ఆరేళ్లలోపు ఎస్ట్రడయాల్ మొదలుపెట్టినవారికి మెడ ధమని గోడ మందమవడం నెమ్మదించింది. పదేళ్లు దాటినవారిలో ఆ మేలు కనబడలేదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. ఎలుకల ఫలితాలు చదివేటప్పుడు, ముట్లుడిగిన స్థితి కోసం అండాశయాలు తీసేసిన ఎన్నాళ్లకు హార్మోను ఇచ్చారో ఇకమీదట తప్పక చూస్తాను.